కత్తిరించని కత్తెర

కువైట్‌లో నేను చేసే ఉద్యోగం ఏమిటని మా కోనసీమలో ఎవరైనా అడిగితే మావారు "కణాలు పెంచుతుందండి" అని చెప్పేవారు. కోళ్ళనూ రొయ్యలనూ పెంచడం తెలిసిన మా వాళ్ళు ఇదీ అలాంటిదే అనుకుని, "చావులు ఎక్కువేనాండీ?" అని అడిగేవారు. ఆ ప్రశ్న అంత తప్పేమీ కాదు. వేళకు మేత వేయాలి, వెచ్చగా ఉంచాలి, కాస్త ఏమరుపాటుగా ఉంటే మొత్తం పోతాయి. తేడా ఒక్కటే. మా కణాలకు మేమే కావాలని జబ్బు ఎక్కించేవాళ్ళం.

ఇప్పుడు ఉద్యోగం నుంచి దిగిపోయాను. హవల్లీలో ఫ్లాట్ ఖాళీ చేసి కాకినాడ వచ్చేశాం. ల్యాబుల్లో కొత్తగా చేరిన పిల్లలు ఎక్కడో నా నంబరు పట్టుకుని, "మేడమ్, మీ అనుభవంలో ఒక గొప్ప విజయం చెప్పండి" అంటుంటారు. విజయాలు చెప్పేవాళ్ళకు కొరత లేదు. నేను చెప్పబోయేది మా ల్యాబు ఏళ్ళ తరబడి కష్టపడి, ఎంతో పద్ధతిగా ఓడిపోయిన సంగతి.

మేము పని చేసింది హెపటైటిస్-బి మీద. కాలేయంలో చేరి, ఏళ్ళ పాటు చప్పుడు చేయకుండా కూర్చుని, చివరికి దాన్ని గట్టిపరిచే వైరస్ అది. దాని మీదికి మేము రైబోజైమ్ అనే ఆయుధాన్ని తయారు చేస్తున్నాం. పేరు చూసి బెదరకండి. ఒంట్లో కోయడం, అతికించడం లాంటి పనులు చేసేవి ఎంజైములు, అవి ఎక్కువగా ప్రోటీన్లు. ఆర్‌ఎన్‌ఏల్లో కూడా కొన్ని అలా కోయగలవు. వాటినే రైబోజైములంటారు. వాటికి రెండు చేతులున్నాయనుకోండి. ఆ చేతుల మీద మనకు కావలసిన అక్షరాలు రాసుకోవచ్చు. వైరస్ తన పిల్లల్ని తయారు చేసుకోవడానికి పంపే ఆర్‌ఎన్‌ఏ సందేశంలో ఆ అక్షరాలకు జోడీ ఎక్కడుందో వెతికి, పట్టుకుని, రైబోజైమ్ దాన్ని మధ్యకు తుంచేస్తుంది. సందేశం తెగితే వైరస్ తయారు కాదు. మనిషి ఆర్‌ఎన్‌ఏ జోలికి పోదు. కాగితం మీద ఇంతకన్నా అందమైన మందు నేను చూడలేదు.

కాగితం దాటితే కష్టాలు మొదలవుతాయి. ఆర్‌ఎన్‌ఏ అంత సుకుమారమైన వస్తువు ఇంకొకటి లేదు. చేతి చెమట తగిలితే పోతుంది. మూత తీసి మాట్లాడితే పోతుంది. దుమ్ము గాలి లేచి ఆకాశం ఇటుక రంగుకు తిరిగిన రోజున తలుపు తీస్తే పోతుంది. వేసవిలో రోడ్డు మీద మనిషే నిలవలేని దేశంలో మేము దాన్ని నిలబెట్టడానికి చేతికి రెండు జతల తొడుగులు వేసుకుని, ఊపిరి బిగబట్టి పని చేసేవాళ్ళం.

మా ల్యాబుకు పెద్ద ఒక కువైటీ ఆవిడ. అందరం దక్తూరా, అంటే డాక్టరమ్మ, అనే పిలిచేవాళ్ళం. విదేశంలో చదువుకుని వచ్చింది. మాట తక్కువ. తన టీ తనే పెట్టుకుని, కప్పు తనే కడుక్కునేది. అది చూసి కొత్తగా చేరినవాళ్ళు ఈవిడ నిజంగా పెద్దేనా అని అనుమానపడేవారు. ఆవిడ తర్వాత స్థానం ఈజిప్టు నుంచి వచ్చిన శాస్త్రవేత్తది. ఆయన్ను ఉస్తాద్ అనేవాళ్ళం. దక్తూరా మిగిల్చిన మాటలన్నీ ఆయన వాడుకునేవాడు. రైబోజైమ్ అనే పేరు ఎవరికీ నోరు తిరగడం లేదని దానికి 'మిఖస్' అని పేరు పెట్టింది ఆయనే. అరబ్బీలో కత్తెర అని అర్థం. చెబుతూ రెండు వేళ్ళు గాల్లో ఆడించేవాడు. ఆ వేళ్ళు చూసినవాళ్ళకు ఇంకేమీ వివరించనక్కరలేకపోయేది.

పళ్ళెంలో మా మిఖస్ బాగా పని చేసింది. వైరస్ నిండిన కాలేయ కణాలకు దాన్ని అందిస్తే వైరస్ సగానికి పైగా తగ్గింది. అక్షరాలన్నీ తారుమారు చేసి రాసిన ఉత్తుత్తి ఆర్‌ఎన్‌ఏను వేస్తే ఏమీ తగ్గలేదు. ఉస్తాద్ సంతోషం పట్టలేక ఒక అరబ్బీ పత్రికవాళ్ళను పిలిచి మాట్లాడాడు. ఫొటో కూడా వేశారు. అందులో మధ్యన ఉస్తాద్ వేళ్ళు ఆడిస్తూ ఉన్నాడు, పక్కన దక్తూరా ఇబ్బందిగా నిలబడింది, ఒక మూల పళ్ళెం పట్టుకుని నేనున్నాను.

ఆ ఫొటో మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చేసరికి మిగతా ఇద్దరూ కత్తిరింపులో పోయారు. నేనూ నా పళ్ళెమూ మిగిలాం. కింద "కామెర్లకు మందు కనిపెట్టిన మన తెలుగు ఆడపడుచు" అని రాశారు.

శుక్రవారం మావారితో, మనవాళ్ళు ఎక్కువగా ఉండే అబ్బాసియా వెళ్తే కూరల కొట్టు భీమవరం ఆయన గోంగూర కట్టలు సంచిలో వేస్తూ, "మేడంగారూ, మీరింత గొప్పవారని తెలీక ఇన్నాళ్ళూ వాడిపోయిన కట్టలు కూడా ఇచ్చేశానండి" అన్నాడు. కాదు మొర్రో అని చెప్పబోయాను. వినలేదు. అప్పుడే వెనక నుంచి ఎవరో నా కొంగు పట్టుకున్నారు.

రాయచోటి పక్క పల్లెటూరామె. ముప్పై అయిదు దాటి ఉంటాయేమో. ఒక కువైటీ ఇంట్లో పని చేస్తుంది, శుక్రవారం మధ్యాహ్నం మాత్రం బయటికి వదులుతారు. ఇంతకుముందు ఒకటి రెండుసార్లు ఆ కొట్లోనే చూసుకున్నాం.

"అక్కా, ఆ ఫోటోలో ఉండేది నువ్వే గదా?"

"అవునమ్మా."

ఆమె నన్ను బియ్యం బస్తాల వెనక్కి తీసుకుపోయింది. "నాకు గూడా ఆ పురుగే ఉండాదంట క్కా. ఊరికే నీరసంగా ఉండాదని ఈడ కిలినిక్కులో చూపిచ్చుకుంటే రగతం తీసి చెప్పినారు. బి అంట."

ఇంటి యజమానురాలిని అక్కడ మామా అంటారు. పని చేసే ఇంటి ముసలి మామా చనిపోయాక, ఆమె కూతురు ఈమెను తన ఇంటికి మార్చుకుంటోంది. కొత్త కఫీల్, అంటే పూచీ పడే యజమాని, పేరు మీద ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండే అనుమతి, కావాలంటే మళ్ళీ మెడికల్ చేయించాలన్నారట. మెడికల్‌లో ఈ వైరస్ కనబడితే 'అన్‌ఫిట్' అని రాస్తారు. ఆ తర్వాత వేలిముద్రలు తీసి విమానం ఎక్కిస్తారు. మళ్ళీ గల్ఫ్ మొహం చూడటం కష్టం.

"అక్కా, మీకాడ ఆ పురుగును కత్తిరిచ్చే మందు ఉండాది గదా. మెడికల్‌కు ముందే రోంత ఇప్పిచ్చు."

"మందు కాదమ్మా అది. ప్లాస్టిక్ పళ్ళెంలో పెంచిన కణాల మీద పని చేస్తోంది. మనిషికి ఇచ్చేదాకా చాలా దూరం ఉంది."

"ఎంత దూరం?"

"చాలా ఏళ్ళు పట్టొచ్చు. అసలు రాకపోవచ్చు కూడా."

"నాకు మెడికల్ వచ్చే నెలే ఉండాది క్కా." తన వైపు నుంచి దూరం ఎంతో చెప్పినట్టుగా అంది. "నా మింద ఏసి చూడండి. ఏమన్నా అయినా నేనేం కేసు పెట్టేదాన్ని గాదు. రాసిమ్మంటే రాసిస్తా."

ఉద్యోగంలో నేను విన్న మాటల్లో అంత భయపెట్టిన మాట ఇంకోటి లేదు. రోజూ వేసుకునే మామూలు మాత్రలు ఉన్నాయనీ, అవి వైరస్‌ను అణచి ఉంచుతాయనీ, అయితే మెడికల్‌లో చూసే పరీక్షకు మాత్రం అవి ఇప్పట్లో పనికిరావనీ చెప్పాను. ఇది తల్లి నుంచి పుట్టిన బిడ్డకు వచ్చే జబ్బు, మీ పాపకు పరీక్ష చేయించావా అని అడిగాను. ఆమెకు ఊళ్ళో చెల్లెలి దగ్గర ఒక కూతురుంది.

ఆమె మొహం మారిపోయింది. "నేను మందు అడిగితే నువ్వు నా బిడ్డ మింద పడ్తావేంది?"

"పరీక్షలో లేదని వస్తే టీకా వేయించొచ్చమ్మా. ఇక ఎప్పటికీ రాదు. మీ గవర్నమెంటు ఆసుపత్రిలోనే ఉంటుంది. మీ చెల్లెలికి ఫోన్ చేసి చెప్పు."

సంచి తీసుకుని వెళ్ళిపోయింది. ఆ మాట విందో లేదో కూడా నాకు తెలియలేదు.

రెండు వారాలు తిరిగేసరికి అబ్బాసియాలో నా కథ మారిపోయింది. మందు ఉందట, కానీ కువైటీల కోసం దాచిపెట్టారట, ఆ కోనసీమావిడ కూడా వాళ్ళతో కలిసిపోయిందట. కూరల కొట్టాయన నా ముందే బాధపడ్డాడు. "అదికాదండి మేడంగారూ, మనోళ్ళకి ఓ చిన్న సీసా అయినా ఇవ్వచ్చు కదండీ." కట్టల్లో మళ్ళీ వాడిన ఆకులు కనిపించాయి. ఇంటికొచ్చాక మావారు కూడా సోఫాలో కూర్చుని, "ఒక్క ఇంజెక్షన్ ఇస్తే ఏం పోతుందోయ్?" అన్నారు.

"మనిషి పోతుందండీ."

"అలాగని నువ్వు అనుకుంటున్నావు."

"ఆ సంగతి తెలియదు కాబట్టే ఇవ్వకూడదు."

ఆయన టీవీ చప్పుడు పెంచారు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. మేము పెంచే ఆ కాలేయ కణాలు వేరే దేశం నుంచి వచ్చాయి. వాటి ఒంటి నిండా ఈమెకున్న వైరసే. అవి విమానంలో, పొడిమంచులో, ప్రత్యేక అనుమతితో దిగాయి. దక్తూరా స్వయంగా విమానాశ్రయానికి వెళ్ళి తీసుకొచ్చింది. వాటికి తగిన వెచ్చదనం, తగిన గాలి, వేళకు మేత, శుక్రవారం కూడా ఎవరో ఒకరు వచ్చి పలకరించడం. అంత మర్యాదగా ఆ వైరస్‌ను చూసుకున్న దేశమే దాన్ని ఒంట్లో మోస్తున్న మనిషిని పంపించేస్తుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. కణాల సంగతి చూసే శాఖ వేరు, మనుషుల సంగతి చూసే శాఖ వేరు.

దక్తూరాతో ఈ రాయచోటి ఆమె సంగతి చెప్పాను. మెడికల్‌లో ఏమైనా వెసులుబాటు ఉంటుందా అని అడిగాను. ఆవిడ కాసేపు ఆలోచించి ఫోన్ తీసింది. తెలిసినవాళ్ళతో చాలాసేపు అరబ్బీలో మాట్లాడింది. పెట్టేసి, "నియమం అన్నారు" అంది. "ఆ నియమం రాసిన కమిటీలో మా గురువుగారు ఉన్నారు. ఆయనే నాకు వైరస్‌ల గురించి పాఠం చెప్పింది" అంది. నవ్వలేదు.

ఉస్తాద్‌కు చెబితే ఆయన కళ్ళు చెమర్చాయి. "మిఖస్ ఆమె కోసమే. ఇన్షా అల్లా, త్వరలో" అన్నాడు. ఆ మనిషి గుండె చాలా మెత్తన. మెత్తని గుండెతో అన్న 'త్వరలో' ఎంత ప్రమాదమో నాకు ఆ ఏడే తెలిసింది.

ఆ సమయంలోనే మా వ్యాసం ఒక పత్రిక నుంచి తిరిగి వచ్చింది. బాగుంది, కానీ ఒక పరీక్ష తక్కువైంది అన్నారు. మిఖస్‌లో కోసే చోట ఒక్క అక్షరం మార్చి, చేతులు అలాగే ఉంచి, కోత శక్తి లేని మిఖస్‌ను చేసి వేసి చూడమన్నారు.

ఉస్తాద్‌కు ఒళ్ళు మండిపోయింది. "చచ్చిన కత్తెరతో ఏం కోస్తాం?"

"ఏమీ కోయకూడదు. అది చూడటానికే" అంది దక్తూరా.

"అసూయ. మన దగ్గర నుంచి ఇంత పని వచ్చిందని ఓర్వలేక."

"కావచ్చు. అయినా చేద్దాం."

చచ్చిన కత్తెరను తయారు చేసే పని నాకు వచ్చింది. చేశాను. బతికిన దాన్నీ చచ్చిన దాన్నీ పక్కపక్క పళ్ళాల్లో కణాలకు అందించాను. కొన్నాళ్ళకు వైరస్ కొలిచే యంత్రం ముందు కూర్చున్నాను. బతికిన కత్తెర వేసిన చోట వైరస్ ఎప్పటిలాగే తగ్గింది. చచ్చిన కత్తెర వేసిన చోట కూడా, సరిగ్గా అంతే తగ్గింది.

గొట్టాలు తారుమారయ్యాయనుకున్నాను. ఉస్తాద్ కూడా అదే అన్నాడు, కాస్త గట్టిగానే. దక్తూరా మా ఇద్దరినీ గది బయటికి పంపి, గొట్టాలకు తనకు మాత్రమే అర్థమయ్యే రంగులు పూసి, "ఇప్పుడు మళ్ళీ చేయి" అంది. ఏ రంగు ఏదో నాకు తెలియదు. చేశాను. ఉస్తాద్ ఆ రోజుల్లో మధ్యాహ్నం నమాజుకు ఎక్కువ సేపు వెళ్ళేవాడు. ఫలితం వచ్చింది. రంగులు విప్పి చూస్తే మళ్ళీ అదే. కొత్తగా ఇంకో విడత తయారు చేసి చూశాం. అదే.

ఉస్తాద్ స్టూలు మీద కూర్చుండిపోయాడు. "అంటే మన కత్తెర కోయడం లేదు."

"పరీక్షనాళికలో కోస్తోంది. అక్కడ మనం మెగ్నీషియం ధారాళంగా పోస్తున్నాం. కణంలో అంత ఉండదు కదా. అక్కడ అది ఊరికే అంటుకుని కూర్చుంటోంది" అంది దక్తూరా.

"అంటుకున్నా వైరస్ తగ్గుతోంది కదా!"

"తగ్గుతోంది. కోసేదైతే ఒక్కటే తిరిగి తిరిగి వందలు కోసేది. అంటుకునేదైతే ఒక్కోదానికి ఒక్కోటి కావాలి. కాలేయం అంతటికీ సరిపోయేంత ఇస్తే మనిషి తట్టుకోడు. అంటుకునే మందులు వేరేవాళ్ళు మనకన్నా గట్టిగా, నిలవ ఉండేట్టు చేస్తున్నారు. మనం చేసింది వాళ్ళు ఎప్పుడో దాటిపోయిన చోటు."

ఉస్తాద్ తన రెండు వేళ్ళ వైపు చూసుకున్నాడు.

ఇప్పుడు ల్యాబులో చేరే పిల్లలకు దీన్ని ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. మీకు నచ్చిన ఫలితం వచ్చిన వెంటనే, అది రాకుండా చేసే పరీక్ష ఏదో వెతకండి. మా పక్షాన చెప్పుకోవలసింది ఏమిటంటే, నచ్చిన ఫలితం వచ్చినప్పుడు ఎవరికీ అలాంటి పరీక్ష గుర్తుకు రాదు.

చిక్కు ఏమిటంటే, మరుసటి వారమే మా పనికి డబ్బు ఇస్తున్న సంస్థ కమిటీ వస్తోంది. పని ఇంకా పొడిగించాలా వద్దా చూడటానికి. ఉస్తాద్ అప్పటికే సులైబియాలో ఎవరి చేతో పెద్ద బ్యానర్ చేయించాడు. దాని మీద బంగారు రంగు కత్తెర ఒకటి వైరస్‌ను రెండు ముక్కలు చేస్తోంది. వైరస్ మొహం బాధగా ఉంది.

"వైరస్ తగ్గిందని చెబుదాం. అది అబద్ధం కాదు కదా. కోతా అతుకా అని వాళ్ళు అడిగితే చెబుదాం" అన్నాడు ఉస్తాద్.

"అడిగాక కాదు. అడక్కముందే చెబుతాను" అంది దక్తూరా. "ఈ మధ్య మన మాట విని ఒకామె తన ఒళ్ళు ఇస్తానంది. నిజం తెలియకపోతే ఇంకొందరు వస్తారు."

కమిటీ వచ్చిన రోజున దుమ్ము గాలి. అందరూ తలపాగాల మీద ఎర్రదుమ్ముతో వచ్చారు. ఖర్జూరాలూ కాఫీ అయ్యాక దక్తూరా లేచి, ముందు మేము చేసిందీ, తర్వాత ఎక్కడ పొరబడ్డామో, చచ్చిన కత్తెర ఏం చేసిందో అంతా చెప్పింది. మధ్యలో ఎవరి ముఖమూ మారలేదు. అయిపోయాక ఒకాయన, "ఇంతకీ వైరస్ తగ్గిందా?" అని అడిగాడు.

"తగ్గింది."

"మరి ఇబ్బంది ఏమిటి?"

ఆవిడ మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. ఆయన తల ఊపి, "మబ్రూక్" అన్నాడు. మిగతావాళ్ళు కూడా అభినందించారు. బ్యానర్ ముందు ఫొటో తీయించుకున్నారు. ఉస్తాద్ ఆ ఫొటోలో వేళ్ళు జేబులో పెట్టుకున్నాడు.

తర్వాత అందరినీ ల్యాబు చూపించడానికి తీసుకెళ్ళాం. ఒక ముసలాయన చేతికర్రతో అందరికన్నా వెనకబడ్డాడు. కమిటీలో అందరికన్నా పెద్దవాడు, ఆయన లేస్తే మిగతావాళ్ళు లేచేవారు. మిగిలినవాళ్ళు ముందుకు వెళ్ళాక ఆయన నా ముందున్న పళ్ళెం వైపు చూస్తూ ఆగాడు. దక్తూరా తోడుగా నిలబడింది.

"అమ్మాయీ, ఆ వైరస్ నాకు కూడా ఉంది" అన్నాడు ఆయన అరబ్బీలో, గొంతు తగ్గించి. "చాలా ఏళ్ళయింది. మా ఇంట్లో కూడా అందరికీ తెలియదు. ఇందులోంచి నాకు కొంచెం ఇస్తారా?"

నేను పళ్ళెం కింద పెట్టేశాను.

దక్తూరా ఆయనకూ అదే చెప్పింది. మందు కాదు, మనిషికి ఇవ్వకూడదు, మామూలు మాత్రలు ఉన్నాయి.

"అవి వేసుకుంటూనే ఉన్నాను. ఇంకా మంచిదేమైనా వచ్చిందేమోనని. నా మీద వేసి చూడండి. ఏమైనా అయితే నా బాధ్యతే. సంతకం పెడతాను."

"మీరు సంతకం పెట్టినా నేను ఇవ్వలేను, అమ్మో" అంది దక్తూరా. అరబ్బీలో అమ్మో అంటే చిన్నాన్నా అని, పెద్దవాళ్ళను అలా పిలవడం అక్కడి పద్ధతి.

ఆయన ఆ కణాలనే కాసేపు చూసి, కర్ర ఊతం సరిచూసుకుని వెళ్ళిపోయాడు. బయట ఆయన కారు చల్లగా సిద్ధంగా ఉంది. దక్తూరా కిటికీలోంచి అది కదిలే వరకూ చూసి, నా వైపు తిరక్కుండానే అడిగింది. "నీ రాయచోటి ఆమె మెడికల్ ఎప్పుడు?"

"అయిపోయింది. నిన్న అన్‌ఫిట్ అని వచ్చింది."

ఆవిడ వెళ్ళి తన కప్పు కడుక్కుంది.

మరుసటి శుక్రవారం రాయచోటి ఆమెను చూడటానికి అబ్బాసియా వెళ్ళాను. బంధువుల గదిలో సామాను కట్టుకుంటోంది. నన్ను చూసి ముందు మొహం తిప్పుకుంది. తర్వాత తనే చాప జరిపి కూర్చోమంది. మా దగ్గర జరిగింది చెప్పాను. మా కత్తెర కోయడం లేదనీ, మాకే ఇప్పుడు తెలిసిందనీ.

"ఐతే ఆ పొద్దు నాకు ఏసింటే?"

"పని చేసేది కాదమ్మా. జబ్బు చేసినా చేసేది."

ఆమె బట్టలు మడత పెడుతూ ఆలోచించింది. "ఏసినా పంపిచ్చేవాళ్ళే, ఏయకున్నా పంపిచ్చినారు. పోనీలే." ఆ తర్వాత కాసేపటికి అసలు బాధ బయటపెట్టింది. "మెడికల్ వచ్చినకాడి నుంచి ఈ కొత్త మామా నాకు పల్లెం ఏరే పెట్టింది క్కా. గలాసు ఏరే. ఆమె పిల్లోన్ని నేనే పెంచినా. ఇప్పుడు నా ఒళ్ళోకి రానీకుండా పట్టుకుంటాండారు. ఆ పిల్లోడేమో నేను తినిపిస్తేనే తింటాడు. ఏడుస్తాండాడు."

"ఈ వైరస్ పళ్ళెంతో రాదమ్మా. ఎత్తుకుంటే రాదు. రక్తంతో వస్తుంది."

"అది నాకు చెప్తే ఏం లాభం? మా మామాకు చెప్పు."

నంబరు అడిగి అక్కడి నుంచే ఫోన్ చేశాను. ఆవిడ స్కూల్లో పాఠాలు చెప్పే మనిషి. ల్యాబు పేరు చెప్పేసరికి శ్రద్ధగా విన్నది. పళ్ళెంతో రాదనీ, ఒళ్ళో కూర్చుంటే రాదనీ, బిడ్డకు టీకా వేసే ఉంటారు కాబట్టి అసలు భయమే లేదనీ చెప్పాను. "మాకు ఎవరూ చెప్పలేదు. కాగితం మీద అన్‌ఫిట్ అని మాత్రం రాశారు" అంది ఆవిడ.

విమానం ఎక్కేముందు రాయచోటి ఆమె నాకు ఫోన్ చేసింది. ఆ మధ్యాహ్నం మామా నేల మీద పెద్ద తాంబాళం పెట్టి, అందులో మచ్‌బూస్ అనే మాంసం అన్నం వడ్డించి, ఈమెను పక్కన కూర్చోబెట్టుకుని అదే తాంబాళంలోంచి తిన్నదట. పిల్లవాడు ఈమె ఒళ్ళోనే కూర్చున్నాడట. "మామా ఏడ్చింది క్కా. నేనూ ఏడ్చినా. అన్నం మాత్రం బాగుండె" అంది.

మా సంగతి ఎలా ముగిసిందంటే, కమిటీ మా పనిని మెచ్చి పొడిగించింది. మా ఓటమిని వాళ్ళు విజయమనుకున్నారు. దక్తూరా అక్కరలేదని ఉత్తరం రాసింది. అక్కడి గుమాస్తా కంగారుపడి ఫోన్ చేశాడు. పొడిగించమని అడగడానికి పద్ధతి ఉంది, పొడిగింపు వద్దని చెప్పడానికి పద్ధతి లేదట. ఆ పద్ధతిని కనిపెట్టడానికే చాలా కాలం పట్టింది. ఈలోగా మేము పని చేయకుండానే ల్యాబులో మర్యాదగా కూర్చున్నాం. మా ఓటమి గురించి రాసిన వ్యాసాన్ని ఒక చిన్న పత్రిక వేసుకుంది. ఆ వ్యాసాన్ని ఒక సభలో చదివే అవకాశం వస్తే ఉస్తాద్ తనే వెళ్ళాడు. కత్తెర ఎందుకు కోయలేదో అంత అందంగా ఎవరూ చెప్పి ఉండరు. జనం లేచి చప్పట్లు కొట్టారట. ఇప్పుడాయన తన దేశంలో ఏదో కాలేజీలో పాఠాలు చెబుతున్నాడు. ఆయన విద్యార్థులు అదృష్టవంతులు.

కణాలకు చివరి రోజున మేత వేయలేదు. బ్లీచు పోశాం. నాకు వేరే ల్యాబులో చోటు దొరికేదాకా ఏమవుతుందో తెలియని రోజులవి. సరిగ్గా ఆ రోజుల్లో ఒక ఉదయం రాయచోటి నుంచి ఫోన్ వచ్చింది.

"అక్కా, బాగుండావా? పాపకు పరీచ్చ చేపిచ్చినా. ల్యాదంట. సూదులు గూడా ఏపిచ్చినా."

"మరి నువ్వో?"

"నేను మాత్తర ఏసుకుంటాండా. దినామూ. మొన్న రగతం చూసి డాక్టరు పురుగు శానా అణిగిపోయిందన్న్యాడు. బస్టాండు కాడ టిపిను అంగడి పెట్టుకున్నా. బాగనే పోతాండాది." ఆ వెనక ఎవరో గట్టిగా దోసెలు అడుగుతున్నారు. వాళ్ళను ఆగమని కేకేసి, "మీ కత్తెర మందు ఏమాయె క్కా?" అంది.

"మూసేశారమ్మా."

"అయ్యో. మరి నీ పని?"

"చూడాలి. ఇంకా ఏమీ తేలలేదు."

"ఇఖామా ఉండాదా?"

"ఉందిలే."

"ఐతే భయపడాకు క్కా. మా మామాకు చెప్తా. నాకు ఇంగా ఫోన్ చేస్తాంటాది. వాళ్ళ సుట్టాల్లో ఎవురికో ఒకరికి మనిషి కావల్సింటాది. నీకు అరబ్బీ గూడా వచ్చు." మెల్లగా అడిగింది. "వంట చేసేది వచ్చునా నీకు?"

వచ్చునని చెప్పాను.

"ఐతే ఇంగేం. నీకు పని దొరుకుతాది లే" అని నాకు ధైర్యం చెప్పి, దోసెల దగ్గరికి వెళ్ళిపోయింది.